వాక్యూమ్ క్లీనర్ బొమ్మా, నా కాకిలెక్కలూ

బార్‌లో బాత్రూంలోకి ఒక మనిషిని పిలిచి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, కుళాయి తిప్పి వదిలేసి, ఆ నీళ్ళ చప్పుడు చాటున ఉద్యోగం ఇస్తాడు ఇంకో మనిషి. ఇచ్చేవాడు లండన్ సీక్రెట్ సర్వీస్ ఆఫీసరు, పేరు హాథార్న్, అంత ఉక్కలో కూడా ముదురు రంగు సూటు, చేతిలో గొడుగు. పుచ్చుకునేవాడు క్యూబా రాజధాని హవానాలో వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునే వర్మోల్డ్. గూఢచారి పనికి తనెందుకు పనికొస్తాడో వర్మోల్డ్‌కి అర్థం కాదు. కానీ నెలనెలా డబ్బులొస్తాయి, పైన ఖర్చులిస్తారు, ఇంట్లో పదిహేడేళ్ళ కూతురు గుర్రం కావాలంటోంది, గుర్రం ఉంచాలంటే కంట్రీ క్లబ్ మెంబర్‌షిప్ కావాలి, దుకాణంలో చూస్తే బేరాల్లేవు. ఒప్పుకుంటాడు.

ఈ సినిమా పేరు 'అవర్ మాన్ ఇన్ హవానా'. 1959 నాటి బ్రిటిష్ కామెడీ, బ్లాక్ అండ్ వైట్. గ్రాహం గ్రీన్ 1958లో తెచ్చిన వ్యంగ్య నవల దీనికి ఆధారం, స్క్రీన్‌ప్లే కూడా ఆయనే రాసుకున్నాడు, కారల్ రీడ్ డైరెక్ట్ చేశాడు. అంతకు పదేళ్ళ ముందు 'ద థర్డ్ మాన్' ఇచ్చిన జంట వీళ్ళు. గ్రీన్ పేరు మనవాళ్ళలో అందరికీ తెలియకపోవచ్చు గానీ, మాల్గుడి కథల ఆర్.కె. నారాయణ్ మొదటి నవల 1935లో లండన్‌లో అచ్చయిందంటే అది ఈయన పూనుకోబట్టే, ఆ లెక్కన మనం ఆయనకి బాకీ.

ఇప్పటికి ఆరేడు సార్లు చూసుంటాను. దీని గురించి ఎక్కడ మాటొచ్చినా, గూఢచారుల మీద మంచి సెటైర్, ఫస్టాఫ్ నవ్వులు, సెకండాఫ్‌లో ఎందుకో సీరియస్ అయిపోయింది, టోన్ కుదరలేదు అని తేల్చేస్తుంటారు. నాకు ప్రతిసారీ కడుపు రగిలిపోతుంది. టోన్ కుదరకపోవడం కాదు, ఆ సినిమా చెప్పదలుచుకున్న ముక్క అదే. నా లెక్కలో ఇది రిపోర్టుల గురించిన సినిమా. దొంగ రిపోర్టు రాసినవాడి కంటే, దాన్ని అడిగి మరీ రాయించుకుని, నమ్మి, ఇంకా కావాలని డబ్బులు పంపినవాళ్ళ మీద ఎక్కువ కోపంతో తీసిన సినిమా. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే నేను పదకొండేళ్ళు మెడికల్ రెప్‌గా పనిచేశాను, అందులో నాలుగైదేళ్ళు వర్మోల్డ్ చేసిన పనే చేశాను.

రెప్ ఉద్యోగం తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. నా హెడ్‌క్వార్టర్ ఏలూరు. నూజివీడు, చింతలపూడి రోజు వెళ్ళి రోజు రావడం, జంగారెడ్డిగూడెం నైట్ హాల్టు. రోజుకి ఇంతమంది డాక్టర్లని కలవాలి, ఇన్ని మెడికల్ షాపులు తిరగాలి, రాత్రికి డీసీఆర్ రాయాలి, అంటే ఆ రోజు ఎవర్ని కలిశాం ఏం చెప్పాం అనే రిపోర్టు. దాని మీద ఇంకోటి ఉంటుంది, ఆర్సీపీఏ. మెడికల్ షాపుకెళ్ళి, ఫలానా డాక్టరు గారు మన మందు ఎన్ని రాశారు, అవతలి కంపెనీది ఎన్ని రాశారు అని కౌంటర్‌లో ఉన్నాయన్ని అడిగి అంకెలు పట్టుకురావడం. సాయంత్రం ఏడింటికి కౌంటర్ ముందు పదిమంది చీటీలు పట్టుకుని నిలబడి ఉంటే, ఆయన మనకి లెక్కలెందుకు చెబుతాడు, ఎప్పుడు చెబుతాడు? ఒకళ్ళిద్దరు మంచివాళ్ళు చెప్పేవాళ్ళు. మిగతావి బస్టాండులో టీ తాగుతూ మేమే రాసుకునేవాళ్ళం. మొదట్లో చెయ్యి వణికేది. మూడో నెలకి అలవాటైపోయింది, డాక్టర్ల పేర్లు నిజం, షాపుల పేర్లు నిజం, అంకెలు మాత్రం మావి.

ఈ సినిమా నేను మొదటిసారి చూసింది జంగారెడ్డిగూడెంలో లాడ్జి రూములో, లాప్‌టాప్ మీద. ఒక ఫ్రెండు పెన్‌డ్రైవ్‌లో పాత ఇంగ్లీషు సినిమాలు చాలా ఇచ్చాడు, కామెడీ కదా అని పెట్టాను. అప్పటికి డీసీఆర్ రాయడం సగంలో ఉంది, మంచం మీద ఆ కాగితాలు అలాగే ఉన్నాయి.

కథలోకొస్తాను. వర్మోల్డ్‌కి ఒక నంబరిస్తారు, 59200 బార్ 5. రహస్యంగా టెలిగ్రాములు రాయడానికి కోడ్ పుస్తకంగా షేక్‌స్పియర్ నాటకాల్ని పిల్లలకి కథలుగా చెప్పిన పుస్తకం ఒకటిస్తారు. ఏజెంట్లని చేర్చుకో, ఒక్కొక్కళ్ళకీ జీతం మేమిస్తాం అంటారు. అతనికి ఎలా చేర్చుకోవాలో తెలియదు, ఎవర్నీ అడగడం కూడా చేతకాదు. అతనికున్న ఒకే ఒక స్నేహితుడు హాసెల్‌బాకర్ అనే ముసలి జర్మన్ డాక్టరు, రోజూ బార్‌లో కలిసి ఒక పెగ్గు వేసుకుంటారు. విషయం పొడిపొడిగా చెబితే ఆ డాక్టరే సలహా ఇస్తాడు, డబ్బులు తీసుకో, కానీ నిజం మాత్రం ఇవ్వకు, ఊహించి చెప్పు, ఊహించినంతసేపు నీవల్ల ఎవరికీ హాని జరగదు అని. ఎంత మంచి మాటలా ఉంటుందో వినడానికి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దాని దగ్గరికి.

వర్మోల్డ్ కంట్రీ క్లబ్ మెంబర్ల లిస్టు ముందు పెట్టుకుని అందులోంచి పేర్లు ఏరుకుంటాడు. ఇంజనీరు సిఫ్యుయెంటెస్, ప్రొఫెసర్ సాంచెజ్. ఒక నైట్ షోలో డాన్స్ చేసే అమ్మాయి తెరెసా. రౌల్ అని ఒక పైలట్. వాళ్ళకి గుణాలు, అలవాట్లు, కష్టాలు కల్పిస్తాడు, వాళ్ళ పేరున జీతాలు తెప్పిస్తాడు. కూతురికి గుర్రం వస్తుంది. లండన్‌లో ఆనందం. ఆనందంతో పాటు ఆకలి కూడా, ఇంకేం ఉన్నాయి, ఇంకేం ఉన్నాయి అని. ఒకరోజు అతను తన షాపులో ఉన్న వాక్యూమ్ క్లీనర్ విడిభాగాలనే పెద్దవిగా గీసి, కొండల్లో ఏదో భయంకరమైన కట్టడం జరుగుతోంది, ఇవి దాని డ్రాయింగులు అని పంపిస్తాడు.

ఇక్కడ లండన్ సీను ఉంటుంది. నేను ఎన్నిసార్లు చూసినా ఆ సీను దగ్గర లేచి కూర్చుంటాను. సీక్రెట్ సర్వీస్ పెద్దాయన్ని 'సి' అంటారు, ఆ వేషం రాల్ఫ్ రిచర్డ్‌సన్ వేశాడు. డ్రాయింగులు ముందు పెట్టుకుని ఆయన మురిసిపోతుంటాడు. ఇది చూస్తే నాకు పేద్ద వాక్యూమ్ క్లీనర్ గుర్తొస్తోంది అని ఆయనే అంటాడు. అంత దగ్గరికొచ్చాడు నిజానికి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరికి. కానీ ఆ పక్క అడుగు వెయ్యడు. మనం పట్టుకున్నది ఎంత పెద్దదంటే దీని ముందు హైడ్రోజన్ బాంబు కూడా మామూలు ఆయుధం అయిపోతుంది అంటాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో భయం లేదు, సంతోషం ఉంది. ఆయన పక్కనే హాథార్న్ నిలబడి ఉంటాడు, ఆ వేషం నోయెల్ కవర్డ్‌ది. అతనికి తెలుసు వర్మోల్డ్ ఏం అమ్ముతాడో. షాపుకి వెళ్ళాడు, ఆ మెషీన్లు కళ్ళారా చూశాడు. ఈ గదిలో నిజం తెలిసిన ఒకే ఒక మనిషి అతనే. నోరు తెరవడు. ఎందుకు తెరుస్తాడు? వర్మోల్డ్‌ని ఏరి తెచ్చింది తను, ఇతను మంచి పరపతి ఉన్న వ్యాపారి అన్నట్టు పైవాళ్ళని నమ్మించింది తను. నవలలో ఇది ఇంకా బాగుంటుంది, హాథార్న్ ఒక ముక్క అంటే చాలు, మిగతాదంతా సి గారే అల్లుకుంటాడు, ఆ వర్తకుడు పాతకాలం మనిషి అయ్యుంటాడు, అతని ఆఫీసు ఇలా ఉంటుంది, బల్ల అలా ఉంటుంది అని. అంటే కల్పన మొదలెట్టింది వర్మోల్డ్ కాదు. అతను పెన్ను పట్టుకోకముందే లండన్‌లో ఒక వర్మోల్డ్ తయారై కూర్చున్నాడు, ఇతను ఆ వేషానికి సరిపడా డైలాగులు పంపించాడు, అంతే.

ఈ సీను చూస్తుంటే నాకు మా ఏరియా మేనేజర్ గారి ఫోను గుర్తొచ్చింది. నెలాఖరున చేసేవారు. "ఏంటయ్యా, ఈ నెల ఆర్సీపీఏలో మన బ్రాండు తగ్గిపోయింది? కొంచెం చూసి రాయి." చూసి రాయి అనేది మా దగ్గర మామూలు మాట. దొంగలెక్క రాయి అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు, అనక్కర్లేదు కూడా. ఆయన కూడా రెప్‌గా చేసి పైకొచ్చినవారే, బస్టాండు టీ ఆయనకీ తెలుసు. ఆయన మీద రీజనల్ మేనేజరు, ఆయన మీద జోనల్, ఆ పైన బొంబాయిలో ఎవరో కూర్చుని ఈ అంకెలన్నీ కలిపి రంగురంగుల చార్టులు వేసి, ఏలూరు ఏరియాలో మార్కెట్ షేర్ ఇంత పెరిగింది అని ఎవరికో చూపించేవారు. నిజం నా దగ్గర్నుంచి బయల్దేరే అవకాశం ఎలాగూ లేదు, ఒకవేళ బయల్దేరినా మధ్యలో నాలుగు చోట్ల "చూసి రాయి" అనేవాళ్ళు ఉన్నారు. నేను రాసింది తప్పు, దాన్ని నేను దాచుకోను. కానీ ఆ తప్పుకి గిరాకీ నేను పుట్టించలేదు. గ్రీన్ ఈ గిరాకీని పట్టుకున్నంత గట్టిగా ఇంకెవరూ పట్టుకోలేదనిపిస్తుంది నాకు.

గ్రీన్‌కి ఇది విని రాసిన సంగతి కాదు, స్వయంగా చూసి రాసింది. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన బ్రిటిష్ సీక్రెట్ సర్వీస్‌లో పనిచేశాడు, కొంతకాలం పశ్చిమ ఆఫ్రికాలో ఫ్రీటౌన్‌లో, తర్వాత లండన్‌లో పోర్చుగల్ వ్యవహారాలు చూసే బల్ల దగ్గర. ఆ రోజుల్లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ నిండా ఇలాంటి రిపోర్టులు అమ్ముకుని బతికే జనం. హువాన్ పుజోల్ అని స్పెయిన్ మనిషి ఒకడు 1941లో లిస్బన్‌లో కూర్చుని, ఇంగ్లండ్‌లో అడుగు పెట్టకుండా, గైడు పుస్తకాలు, మ్యాపులు చూసుకుంటూ, నేను ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను అని జర్మన్లకి రిపోర్టులు పంపేవాడు. గ్లాస్గోలో ఒక లీటరు వైన్ కోసం ఏమైనా చేసే మనుషులున్నారని కూడా రాశాడు, ఆ ఊళ్ళో వైన్ ఎవరు తాగుతారో తెలియక. జర్మన్లు నమ్మారు. తర్వాత బ్రిటిష్ వాళ్ళే అతన్ని తమ వైపు తెచ్చుకుని గార్బో అని పేరు పెట్టి, అతను లేని ఏజెంట్లని ఇరవై ఏడుమందిని కల్పిస్తే వాళ్ళందరికీ జర్మన్ల చేత జీతాలిప్పించారు. చివరికి అతనికి జర్మనీ ఐరన్ క్రాస్ పతకం ఇచ్చింది, బ్రిటన్ ఎంబీఈ బిరుదు ఇచ్చింది. జర్మన్లని తప్పుదోవ పట్టించిన పుజోల్ అబద్ధాలవల్ల ప్రాణాలు దక్కాయి కాబట్టి అతన్ని నేను వర్మోల్డ్ గాటన కట్టను. కానీ జర్మన్ ఆఫీసులో ఆ కాగితాలు చదివి, బాగుంది ఇంకా పంపు అన్న మనిషి ఉన్నాడు చూశారా, అతను మాత్రం అచ్చం సి గారే.

గ్రీన్ మొదట ఈ కథని 1940లలోనే సినిమా కోసం ఒక పేజీ అవుట్‌లైన్‌గా రాశాడు. అప్పుడు చోటు హవానా కాదు, బాల్టిక్ సముద్రం ఒడ్డున టాలిన్‌లాంటి ఊరు, కాలం 1938, హీరో సింగర్ కుట్టుమిషన్ల ఏజెంటు. పేరు 'నోబడీ టు బ్లేమ్', అంటే తప్పెవరిదీ కాదు అని. సీక్రెట్ సర్వీస్‌ని వెక్కిరించే సినిమాకి సెన్సారు ఒప్పుకోదని తేలడంతో అది పక్కన పడిపోయింది. తర్వాత ఆయనకే ఇంకో సందేహం వచ్చింది. హిట్లర్ ముంచుకొస్తున్న రోజుల్లో డబ్బుకోసం దేశాన్ని మోసం చేసే మనిషిని చూసి జనం నవ్వుతారా, జాలిపడతారా? పడరు. అందుకే కథని కోల్డ్‌వార్‌లోకి, తను అప్పటికే చాలాసార్లు వెళ్ళొచ్చిన హవానాలోకి మార్చాడు. నాకు మాత్రం ఆ పాత పేరే నచ్చుతుంది. ఎవర్నడిగినా, నాదేముంది, పైవాళ్ళు అడిగారు, కిందవాళ్ళు ఇచ్చారు అంటారు. మా ఆఫీసులో ఎప్పుడు గొడవొచ్చినా చివరికి తేలింది అదే, తప్పెవరిదీ కాదు.

నవల వచ్చిన మూడు నెలలకి, 1959 జనవరి 1న క్యూబా నియంత బాటిస్టా హవానా వదిలి పారిపోయాడు. ఏప్రిల్‌లో రీడ్ బృందం షూటింగ్‌కి దిగేటప్పటికి ఊరు విప్లవ నాయకుడు కాస్ట్రో చేతిలో ఉంది. కాస్ట్రో స్వయంగా షూటింగ్ చూడ్డానికి వచ్చాడు, వర్మోల్డ్ వేషం వేసిన ఆలెక్ గిన్నిస్‌తో ఫొటోలున్నాయి. సినిమా మొదట్లోనే ఒక కార్డు పడుతుంది, ఈ కథ మొన్నటి విప్లవానికి ముందు జరిగింది అని. అందుకే ఈ సినిమాలో హవానా వీధులు చూస్తుంటే ఒక వింత ఫీలింగ్. ఆ బాల్కనీలు, ఆ ఆర్చీలు, హాథార్న్ గొడుగు పట్టుకుని నడుస్తుంటే వెనకాల గిటార్లు వాయిస్తూ వెంటపడే పాటగాళ్ళు, సూటు మనిషికి ఆ సంగీతం వదిలించుకోవడం చేతకాదు, అంతా నిజం ఊరే, కానీ ఆ ఊరికి కొత్త జీవితం మొదలై నాలుగు నెలలే అయింది. ఆస్వాల్డ్ మోరిస్ కెమెరా రాత్రి సీన్లలో నేలని కొంచెం ఒరిగినట్టు చూపిస్తుంది, సెకండాఫ్‌లో ఆ ఒరుగుడు ఎక్కువైపోతుంటుంది.

సెకండాఫ్ గురించే నా వాదన అంతా. ఒకరోజు కబురొస్తుంది, రౌల్ అనే పైలట్ కారు యాక్సిడెంట్‌లో చనిపోయాడని. వర్మోల్డ్ కల్పించిన రౌల్ కాదు, నిజం రౌల్, ఆ పేరుతో నిజంగానే ఒక పైలట్ ఉన్నాడు. తర్వాత ఇంజనీరు మీద కాల్పులు. ఏం జరిగిందంటే, ఆ రిపోర్టుల్ని లండనొక్కటే చదవట్లేదు, అవతలి పక్షం కూడా చదువుతోంది. వాళ్ళూ నమ్మారు. హాసెల్‌బాకర్‌ని బెదిరించి, అతని ల్యాబు ధ్వంసం చేసి, వర్మోల్డ్ టెలిగ్రాముల కోడు విప్పించుకున్నది వాళ్ళే. ఇక్కడే జనం టోన్ మారిపోయింది అంటారు. మారకపోతే ఎలా? ఫస్టాఫ్‌లో మనం నవ్విన ప్రతి పేరుకీ వెనకాల ఒక మనిషి ఉన్నాడని అప్పుడే కదా తెలిసేది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటాం, ఆ సామెతలో మొదటి సగం ఫస్టాఫ్, రెండో సగం సెకండాఫ్. రెండూ కలిపే సామెత అయింది, విడగొట్టి ఇందులో మొదటి సగమే బాగుంది అంటే ఏం చెప్పాలి?

ఆలెక్ గిన్నిస్ మీద కూడా ఇదే ఫిర్యాదు, అంత గొప్ప నటుడు ఇందులో ఏమీ చెయ్యలేదు, చప్పగా ఉన్నాడు అని. 'కైండ్ హార్ట్స్ అండ్ కోరోనెట్స్'లో ఒక్కడే ఒక కుటుంబం మొత్తంగా కనిపించిన మనిషి, 'బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్'కి ఆస్కార్ తీసుకున్న మనిషి. ఆయన వర్మోల్డ్‌ని కొంచెం విచిత్రమైన అలవాట్లున్నవాడిగా చెయ్యాలనుకుంటే, అలాంటి వేషాలేం వద్దు, నటించకు అన్నాడట రీడ్, ఈ సంగతి గిన్నిస్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయనకది నచ్చలేదు, నాకు మాత్రం రీడే కరెక్టనిపిస్తుంది. పదిమందిలో గుర్తుపట్టలేని మొహం కావాలి అక్కడ. దొంగ రిపోర్టు రాసేవాడి మొహం అలాగే ఉంటుంది. మా రెప్‌ల బ్యాచ్ ఫొటో తీసి చూస్తే అందరివీ ఆ మొహాలే, ఇన్‌షర్టు చేసుకుని, బ్యాగు భుజాన వేసుకుని, ఇంట్లో ఈఎంఐ గుర్తొస్తున్న మొహాలు. రౌల్ చనిపోయాడని విన్నప్పుడు గిన్నిస్ మొహంలో పెద్ద మార్పేం రాదు, ఒక్క క్షణం ఏ కండరం ఎటు కదలాలో తెలియనట్టు ఆగిపోతుంది. దానికంటే ఎక్కువ చేసుంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

ఆ రోజు లాడ్జిలో నేను సినిమా ఆపేసింది అక్కడే. నాకు తాడేపల్లిగూడెం కుర్రాడు గుర్తొచ్చాడు.

మా పక్క హెడ్‌క్వార్టర్‌లో కొత్తగా చేరాడు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో, నన్ను అన్నా అన్నా అని పిలిచేవాడు. వాడు నిజం లెక్క రాసేవాడు. షాపాయన చెప్పకపోతే రాత్రి షాపు కట్టేసేదాకా కౌంటర్ దగ్గర నిలబడి అడిగి రాసేవాడు. వారానికి మూడు స్ట్రిప్పులంటే మూడే. మీటింగులో వాడి చార్టు పక్కన నా చార్టు వేశారు. "ఏలూరులో వస్తుంటే గూడెంలో ఎందుకు రాదు? డాక్టర్లు వేరే మందు పుచ్చుకుంటున్నారా?" అని అడిగారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాడి టార్గెట్ నా అంకెల్ని చూసి పెంచారు. ఎనిమిది నెలలకి వాడి చేత రిజైన్ చేయించారు. ఆ క్వార్టర్ నాకు షీల్డు వచ్చింది, విజయవాడలో హోటల్లో, స్టేజీ మీద. ప్రాణం పోవడం, ఉద్యోగం పోవడం ఒకటని నేను అనను, రౌల్‌తో వాణ్ణి పోలిస్తే రౌల్‌కి అన్యాయం. కానీ నేను కల్పించిన అంకె వెళ్ళి ఒక నిజం మనిషికి తగిలింది. ఊహించినంతసేపు ఎవరికీ హాని జరగదు అన్న మాటకి నా దగ్గరున్న జవాబు వాడు.

నవల్లో, సినిమాలో నన్ను వదలని ఇంకో మనిషి కెప్టెన్ సెగురా, ఎర్నీ కొవాక్స్ వేశాడు. బాటిస్టా పోలీసు, అతని సిగరెట్ కేసు మనిషి చర్మంతో చేసిందని చెప్పుకుంటారు. వర్మోల్డ్ కూతుర్ని పెళ్ళి చేసుకుంటానంటాడు. మనుషుల్లో చిత్రహింస పెట్టదగ్గ వర్గం ఒకటుంటుంది, పెట్టకూడని వర్గం ఒకటుంటుంది అని మామూలు గొంతుతో చెబుతాడు. పేదవాళ్ళు మొదటి దాంట్లోకొస్తారు, వాళ్ళకీ అది తెలుసు, ఆశ్చర్యపోరు. డబ్బున్న దేశాలవాళ్ళు రెండో దాంట్లోకొస్తారు, వాళ్ళ మీద చెయ్యి వేస్తే అల్లరైపోతుంది. వినడానికి రాక్షసుడి మాట. కానీ సినిమా అయ్యాక ఎవరు పోయారో ఎవరు మిగిలారో లెక్క చూసుకోండి. పైలట్ పోయాడు. దేశం లేని ముసలి డాక్టరు పోయాడు. లండన్‌లో బల్ల దగ్గరున్న ఒక్కడికి కూడా గీరుకోలేదు. సెగురా చెప్పిన లెక్క తప్పలేదు.

ఇక్కడ సినిమా మీద నాకూ ఒక కంప్లైంట్ ఉంది. క్యూబా వాళ్ళు ఇందులో వెనకాల కదిలే జనం, అంతే. వాళ్ళ ఇళ్ళలోకి కెమెరా వెళ్ళదు. రౌల్ పెళ్ళాం పిల్లలెవరో మనకి తెలియదు. సీక్రెట్ సర్వీస్‌ని ఎగతాళి చేసే తొందరలో బాటిస్టా పాలన ఎంత ఘోరమైందో తక్కువ చేసి చూపించానని గ్రీన్ తర్వాత తనే ఒప్పుకున్నాడు, హవానా కొత్త ప్రభుత్వానికి ఆ పుస్తకం నచ్చకపోవడానికి అది కారణమని రాశాడు. నిజాయితీగా ఒప్పుకున్నాడు, బాగుంది. అయినా ఆ లోటు లోటే.

వర్మోల్డ్ ఏం చేస్తాడో కూడా చెప్పాలి. ఒక విందులో అతనికి విషం పెట్టబోతే తప్పించుకుంటాడు, ఒక పొట్టి కాళ్ళ కుక్క బలైపోతుంది. సెగురాతో చెకర్స్ ఆడతాడు, పావుల బదులు చిన్నచిన్న విస్కీ సీసాలు, గెలుచుకున్న ప్రతి సీసా తాగేయాలి, అంటే గెలిచేవాడికి మత్తెక్కుతుంది. అలా సెగురాని గెలిపించి, పడుకోబెట్టి, అతని తుపాకీ తీసుకుని, హాసెల్‌బాకర్ చావుకి కారణమైన అవతలి పక్షం మనిషి కార్టర్‌ని చంపడానికి వెళతాడు. ఈ భాగంలో సినిమా కొంచెం హడావిడి పడింది, ఒప్పుకుంటాను. ఆ ఆట సీను మాత్రం ఎప్పటికీ గుర్తుండిపోతుంది, ఇద్దరి కళ్ళూ బోర్డు మీదే ఉంటాయి, సీసా మూత తిప్పే చప్పుడు.

ఇదంతా పాతకాలం సంగతి, ఇప్పుడిలా జరగదు అనేవాళ్ళకి రెండు ముక్కలు. 1999లో ఇరాక్ నుంచి ఒక ఇంజనీరు జర్మనీకి శరణు కోరుతూ వచ్చాడు. అతనికి కర్వ్‌బాల్ అని కోడ్ పేరు పెట్టారు. సద్దాం దగ్గర లారీల మీద తిరిగే జీవాయుధాల ల్యాబులున్నాయని చెప్పాడు. అతని మాటలు పట్టుకుని గీయించిన బొమ్మల్ని 2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో తెర మీద చూపించాడు. బొమ్మలు! ఫొటోలు కావు, గీసిన బొమ్మలు. యుద్ధం జరిగింది, ఆ లారీలు దొరకలేదు, 2011లో అబద్ధం చెప్పానని ఆ మనిషే ఒప్పుకున్నాడు. బ్రిటన్‌లో ఇదే యుద్ధం మీద 2016లో వచ్చిన చిల్‌కాట్ రిపోర్టులో ఇంకోటి ఉంది. రసాయనాయుధాలు గాజు పాత్రల్లో ఉన్నాయని ఒక సోర్సు ఇచ్చిన వర్ణన, 1996లో వచ్చిన 'ద రాక్' అనే హాలీవుడ్ సినిమాలో చూపించిన దానిలా ఉందని అప్పట్లోనే ఎవరో గమనించారట. గదిలో ఒకరికి అనుమానం వచ్చింది, వాక్యూమ్ క్లీనర్ గుర్తొచ్చింది. అయినా యుద్ధం ఆగలేదు. చచ్చిపోయినవాళ్ళు ఏ వర్గంవాళ్ళో సెగురాని అడగక్కర్లేదు.

క్యూబా సంగతే చూడండి. సినిమా వచ్చిన మూడేళ్ళకి, 1962లో, నిజంగానే ఆ దీవిలో సోవియట్ మిస్సైళ్ళు దిగాయి. అక్కడ్నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు మిస్సైళ్ళు చూశామని చెప్పిన కబుర్లు అమెరికా దగ్గర అప్పటికే కుప్పలుగా ఉన్నాయి, ఎక్కువ భాగం తప్పుడువి. ఆ గుట్టలో పడి నిజమైనవి కూడా విలువ పోగొట్టుకున్నాయి. సెప్టెంబర్ 19న వాళ్ళ ఇంటెలిజెన్స్ పెద్దలు, సోవియట్ అలాంటి పని చెయ్యకపోవచ్చు అని అంచనా రాశారు. అక్టోబర్ 14న యూ-2 గూఢచారి విమానం ఫొటోలు తీస్తే బయటపడింది. కాకిలెక్కలవల్ల జరిగే రెండో నష్టం ఇది, నిజం చెప్పేవాడు కూడా అబద్ధాలకోరులా కనిపిస్తాడు. గూడెం కుర్రాడి మూడు స్ట్రిప్పుల్ని ఎవరూ నమ్మనట్టే.

సినిమా చివర్లో వర్మోల్డ్‌ని లండన్ పిలుస్తారు. అన్నీ బయటపడ్డాయి. జైలుకి పంపుతారనుకుంటాం. కానీ పంపాలంటే కోర్టులో చెప్పాలి, మేం వాక్యూమ్ క్లీనర్ బొమ్మని ఆయుధమని నమ్మాం అని. అందుకని ఓబీఈ బిరుదు ఇచ్చి, విదేశాల్లో స్టేషన్ ఎలా నడపాలో కొత్తవాళ్ళకి నేర్పే ఉద్యోగం ఇస్తారు. ఇది అతిశయోక్తి అనే విమర్శ కూడా విన్నాను. నాకు షీల్డు వచ్చిన మరుసటి ఏడాది, కొత్తగా చేరిన రెప్‌లకి ఆర్సీపీఏ ఎలా తియ్యాలో చెప్పమని నన్ను హైదరాబాద్ పిలిచారు. సినిమా చూసింది ఆ పిలుపు వచ్చిన వారంలో. వెళ్ళాను. ముప్పై రెండు మంది కుర్రాళ్ళు నోట్సు రాసుకున్నారు. బస్టాండు టీ సంగతి వాళ్ళకి చెప్పలేదు, నిజం లెక్క రాస్తే ఏమవుతుందో కూడా చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి మానేశాను, కానీ ఆ రోజు చెప్పకపోవడమే నన్ను ఎక్కువగా తినేస్తుంది.

పోయిన సంక్రాంతికి గూడెం కుర్రాడి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఇప్పుడు నిడదవోలు దగ్గర సొంత మెడికల్ షాపు, ఇద్దరు పిల్లలు. ఆ రోజుల్లో నా అంకెలన్నీ దొంగవి రా, నీ టార్గెట్ పెరిగింది వాటివల్లే అని చెప్పాను. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "తెలుసన్నా" అన్నాడు. "అప్పుడే తెలుసు. సార్‌కి కూడా తెలుసు." తర్వాత వాళ్ళ నాన్నగారి ఆరోగ్యం గురించీ, షాపు అద్దె గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు రెప్‌లు తన కౌంటర్ దగ్గరికే వస్తారట ఆర్సీపీఏ అడగడానికి. "ఎంత రష్‌లో ఉన్నా బిల్లులు తీసి చూపిస్తానన్నా, నిజం లెక్క చెప్తాను. వాళ్ళు బయటికెళ్ళి ఏం రాసుకుంటారో మరి నాకు తెలీదు" అన్నాడు.